వినేవాళ్లున్న గది

ఇంజనీరింగ్ కాలేజీలో ఇంగ్లిష్ ల్యాబ్ అనగానే విద్యార్థులకు ముందు గుర్తొచ్చేది ‘జామ్’. అంటే జస్ట్ ఎ మినిట్. ఒక చీటీ తీయాలి, అందులో ఏ విషయం వస్తే దాని మీద నిమిషం పాటు ఇంగ్లిషులో మాట్లాడాలి. ఈ ఆట పుట్టిల్లు రేడియో. 1967లో బీబీసీ మొదలుపెట్టిన వినోద కార్యక్రమం ఇది. తడబడకూడదు, అన్న మాటే మళ్లీ అనకూడదు, విషయం వదిలి పక్కకు పోకూడదు, ఇవీ నియమాలు. ఆ ఆటలో మజా అంతా పక్కన కూర్చున్న పోటీదారుల దగ్గర ఉంటుంది. వాళ్లు చెవులు రిక్కించి వింటుంటారు. మాట్లాడేవాడు ఎక్కడ జారితే అక్కడ పట్టుకుంటారు, పట్టుకున్నవాళ్లకే మిగిలిన సెకన్లు దక్కుతాయి. మన ల్యాబుల్లోకి వచ్చేసరికి నిమిషం మిగిలింది, వినేవాళ్లు తప్పుకున్నారు. ఒకరు లేచి అప్పజెబుతుంటే తక్కినవాళ్లు తమ వంతుకు ఏం చెప్పాలా అని లోపల వల్లెవేసుకుంటూ ఉంటారు. మార్కులు వేసే అధ్యాపకుడు గంటలో అంతమందినీ పూర్తి చేయాలి కాబట్టి ఆయన చూపు గడియారం మీద ఉంటుంది.

విశ్వవిద్యాలయాల్లో భాషా కేంద్రాలను ఆధునికీకరించాలన్న మాట వచ్చినప్పుడల్లా ముందు కొటేషన్లు తెప్పిస్తారు. కొత్త కంప్యూటర్లు, కొత్త సాఫ్ట్‌వేరు, గోడకు పెద్ద తెర, ఇప్పుడైతే కృత్రిమ మేధ. ఇవేవీ అక్కర్లేదని నేననను. కానీ రెండో భాష నేర్చుకునేవాళ్లకు అన్నిటికన్నా కరువుగా ఉన్నది తమ మాటను ఓపిగ్గా వినే మనిషి. పుస్తకం ఉంది, టీవీ ఉంది, చేతిలో ఫోను ఉంది, చెప్పేవాళ్లు కావలసినంతమంది ఉన్నారు. వినేవాళ్లు లేరు. ఆ లోటు తీర్చకుండా ఎన్ని పరికరాలు కొన్నా అది పాత గోడకు కొత్త సున్నమే. ఈ మాట ఊరికే అనడం లేదు, దీనికి అరవై ఏళ్లకు పైబడిన సాక్ష్యం ఉంది.

1957 అక్టోబరులో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను అంతరిక్షంలోకి పంపింది. ఉలిక్కిపడ్డ అమెరికా మరుసటి ఏడే జాతీయ రక్షణ విద్యా చట్టం చేసి, సైన్సు, లెక్కలతో పాటు విదేశీ భాషల బోధనకూ డబ్బు కుమ్మరించింది. ఆ డబ్బుతో వేల బడుల్లో ల్యాంగ్వేజ్ ల్యాబులు వెలిశాయి. వరసగా చెక్క అరలు, చెవులకు హెడ్‌ఫోన్లు, టేపు మీద ఒక గొంతు, దాని వెనకే విద్యార్థి గొంతు. భాష ఒక అలవాటు, పదేపదే అనిపిస్తే నాలుక దానంతట అదే తిరుగుతుంది అన్నది అప్పటి నమ్మకం. పదేళ్లు తిరక్కుండానే లెక్కలు తీయడం మొదలైంది. రేమండ్ కీటింగ్ అనే పరిశోధకుడు న్యూయార్క్ పరిసరాల్లో ఫ్రెంచి నేర్చుకుంటున్న పిల్లలను పోల్చి చూసి 1963లో ఫలితాలు ప్రకటించాడు. చాలా అంశాల్లో ల్యాబ్ లేని పిల్లలే మెరుగ్గా ఉన్నారు. తర్వాత పెన్సిల్వేనియాలో ఇంకా పెద్ద ఎత్తున జరిగిన పరిశీలనలో, వారానికి రెండుసార్లు ల్యాబులో కూర్చోబెట్టినందువల్ల చెప్పుకోదగ్గ తేడా ఏదీ కనిపించలేదు. కీటింగ్‌ను అప్పట్లోనే చాలామంది తప్పుబట్టారు. ల్యాబ్ ఉందా లేదా అని చూశాడు గానీ దాన్ని ఎలా వాడారో చూడలేదన్నారు. న్యాయమైన విమర్శే. నేను చెప్పదలచుకున్నదీ అదే. గదిలో ఏముందన్నది ఒక లెక్క, గదిలో ఏం జరుగుతోందన్నది ఇంకో లెక్క.

మన సంగతికి వద్దాం. హైదరాబాద్ జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ మొదటి ఏడాది ఇంగ్లిష్ ల్యాబ్ పాఠ్యప్రణాళిక తీసి చదివితే అందులో ఒకటి కాదు, రెండు గదులు కనిపిస్తాయి. మొదటిది కంప్యూటర్లది. 40 మందికి 40 సిస్టమ్‌లు, ఒక మాస్టర్ కన్సోల్, విద్యార్థి తనంతట తాను నేర్చుకోవడానికి సాఫ్ట్‌వేరు. రెండోది మాట్లాడుకునే గది. అందులో ఉండాల్సినవాటిలో మొదట రాసింది, ఇటూ అటూ జరుపుకోవడానికి వీలున్న కుర్చీలు. ఈ ఒక్క మాట చాలు, రాసినవాళ్లకు విషయం తెలుసని చెప్పడానికి. భాష నేర్చుకునే గదిలో కుర్చీ ఎదుటి మనిషి వైపు తిరగాలి. చిక్కల్లా ఎక్కడొస్తుందంటే, తనిఖీకి వచ్చినవాళ్లు కంప్యూటర్లను లెక్కపెట్టగలరు. కుర్చీలు ఎన్నిసార్లు జరిగాయో, ఎవరు ఎవరి మాట విన్నారో లెక్కపెట్టడం ఎవరి తరం? అందుకే మొదటి గదికి ఉన్న దర్జా రెండో గదికి రాదు. దీనికి తోడు ల్యాబన్నాక రికార్డు ఉండాలి కాబట్టి, నోటితో మాట్లాడటం నేర్చుకునే ల్యాబుకు కూడా చేత్తో రికార్డు రాయించి సంతకం పెట్టే ఆచారం ఒకటుంది. దాని గురించి ఇంతకన్నా చెప్పను.

వినే మనిషి ఎందుకంత ముఖ్యం? దీనికి మంచి జవాబు కెనడా నుంచి వచ్చింది. అక్కడ ఇంగ్లిష్ ఇళ్ల పిల్లలను చిన్నప్పటి నుంచి ఫ్రెంచి మాధ్యమంలో చదివించే బడులు 1960లలో మొదలయ్యాయి. ఏళ్ల తరబడి రోజంతా ఫ్రెంచి వింటూ పెరిగిన ఆ పిల్లలు విని అర్థం చేసుకోవడంలో, చదవడంలో ఫ్రెంచి పిల్లలకు దాదాపు సమానంగా వచ్చారు. మాట్లాడినప్పుడు, రాసినప్పుడు మాత్రం వ్యాకరణంలో స్పష్టంగా వెనకబడ్డారు. మెరిల్ స్వెయిన్ అనే పరిశోధకురాలు 1985లో దీనికి చెప్పిన కారణం ఏమిటంటే, వాళ్లకు వినడం పుష్కలంగా దొరికింది గానీ, తమ మాట ఎదుటివారికి అర్థమయ్యేదాకా సరిచేసుకుని చెప్పాల్సిన అవసరం రాలేదు. అర్థం చేసుకోవడానికి నాలుగు మాటలు పట్టుకుంటే చాలు. చెప్పాలంటే విభక్తి కావాలి, క్రియ కావాలి, వరస కావాలి. ఈ సంగతి మన తెలుగువాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. అమెరికాలోని ఎన్నో తెలుగు ఇళ్లలో అమ్మ తెలుగులో అడుగుతుంది, పిల్ల ఇంగ్లిషులో జవాబు చెబుతుంది. ఇద్దరికీ అంతా అర్థమవుతుంది. ఆ పిల్ల చెవిలో తెలుగు పదిహేనేళ్లుగా పడుతూనే ఉంది, నోట మాత్రం రాదు. ఇంట్లో ఎవరూ దాని నోటివెంట తెలుగు వచ్చేదాకా ఆగి వినలేదు.

వినడంలోనూ తేడాలున్నాయి. రాయ్ లిస్టర్, లీలా రాంటా అనే ఇద్దరు పరిశోధకులు ఆ కెనడా తరగతుల్లోనే కూర్చుని, విద్యార్థి తప్పు మాట్లాడినప్పుడు టీచరు ఏం చేస్తున్నారో మాటమాటా రాసుకుని 1997లో ప్రచురించారు. సగానికి పైగా సందర్భాల్లో టీచరు చేసింది ఒకటే, ఆ వాక్యాన్నే సరిగ్గా తిప్పి చెప్పి ముందుకు సాగిపోవడం. పిల్లలు దాన్ని ఎక్కువసార్లు పట్టించుకోనేలేదు. తాము చెప్పింది టీచరు ఒప్పుకున్నారని అనుకుని ఉండవచ్చు. అలా కాకుండా, “ఆ మాట మళ్లీ ఎలా అంటాం?” అని అడిగి ఆగినప్పుడు వాళ్లంతట వాళ్లే సర్దుకున్న సందర్భాలు చాలా ఎక్కువ. అంటే వినేవాళ్లు ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊరుకోవాలో తెలిసి వినాలి. ఇది పుట్టుకతో వచ్చే గుణమేమీ కాదు, కొద్దిరోజుల శిక్షణతో అబ్బుతుంది. కొత్తగా రూపుదిద్దుకునే భాషా కేంద్రం ముందు డబ్బు పెట్టాల్సింది ఈ శిక్షణ మీద.

నిజానికి మనకిది కొత్త కాదు. తెలుగును రెండో భాషగా నేర్పిన ఉన్నత విద్యా కేంద్రం ఒకటి 1812లోనే చెన్నపట్నంలో వెలిసింది. సెయింట్ జార్జి కోట కళాశాల అది. ఈస్టిండియా కంపెనీ కుర్ర ఉద్యోగులు అక్కడ తెలుగు, తమిళం వంటి భాషలు నేర్చుకునేవారు. క్యాంబెల్ తెలుగు వ్యాకరణం 1816లో వెలువడిందీ, దక్షిణాది భాషలది ఒక ప్రత్యేక కుటుంబమని కంపెనీ అధికారి ఎల్లిస్ ఆ పుస్తకానికి రాసిన ముందుమాటలో నిరూపించిందీ ఆ కళాశాల నీడలోనే. సి.పి. బ్రౌన్ 1817లో వచ్చి తెలుగు నేర్చుకుందీ అక్కడే. వాళ్ల అసలు ఉద్దేశం శిస్తు వసూలు, దొరతనం. అది దాచాల్సిన పని లేదు. కానీ బోధనా పద్ధతిలో ఒక పాఠం ఉంది. రేపు కచేరీలో కూర్చుని రైతు గోడు వినాల్సిన ఆ కుర్రాళ్లకు పుస్తకాలతో పాటు మున్షీలను, పండితులను సమకూర్చారు. ఇక గిడుగు రామమూర్తిగారి సంగతి. పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవర భాష నేర్చుకోవాలనుకున్నప్పుడు ఆయనకు నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో ఆయనే రాసి ఇచ్చారు.

యంత్రం దేనికి పనికొస్తుందో కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే కొన్ని పనులు మనిషికన్నా అదే బాగా చేస్తుంది. హిందీలో ఎ, ఏ అన్న తేడా లేదు. అందుకని ఉత్తరాది నుంచి వచ్చిన వైద్య విద్యార్థి నోట ‘మెడ’ కాస్తా ‘మేడ’ అవుతుంది. “మీకు మేడ నొప్పా?” అని అడిగితే రోగి పైకప్పు వైపు చూస్తుంది. ఇలాంటి మాటల జంటలను ఒకే గొంతులో వందసార్లు వినిపిస్తే పెద్దగా లాభం లేదు. వేరువేరు గొంతుల్లో వినిపించాలి. జపాను వాళ్లకు ఇంగ్లిషులోని ర, ల శబ్దాల తేడా పట్టుబడదన్నది తెలిసిందే. ఇండియానా విశ్వవిద్యాలయంలో పిసోనీ అనే పరిశోధకుడి బృందం పలువురి గొంతుల్లో ఆ మాటలు వినిపించి సాధన చేయిస్తే తేడా పట్టుకోవడం మెరుగైంది. ఆ ఫలితాలు 1991లో వచ్చాయి. ముప్ఫై గొంతులను అలసట లేకుండా, విసుక్కోకుండా వినిపించడం యంత్రానికే చెల్లు. మన పిల్లలకూ అదే అవసరం. వైన్ అనే మాట ద్రాక్ష తీగకూ ఉంది, ద్రాక్ష సారాకూ ఉంది. ఇంగ్లిషులో పెదవుల కదలిక వేరు, మన లిపిలో రెండూ ఒకేలా రాయాల్సి వస్తుంది. ఇలాంటివన్నీ హెడ్‌ఫోన్‌కు అప్పగించి, మనిషిని మనిషి పనికి ఖాళీ చేయించాలి.

ఆ మనిషి పని ఏమిటో ఆసుపత్రిలో బాగా కనిపిస్తుంది. 2019 నుంచి అమల్లోకి వచ్చిన వైద్యవిద్య పాఠ్యప్రణాళికలో మొదట్లోనే ఫౌండేషన్ కోర్సు ఉంది, స్థానిక భాష నేర్పడం అందులో ఒక భాగం. మంచి ఆలోచన. కానీ “మీ పేరేమిటి, మీ ఊరేది” దగ్గర మొదలయ్యే పాఠం ఓపీ గదిలో ఎంతదూరం వస్తుంది? పెద్దావిడ వచ్చి “కాళ్లు పీకుతున్నాయయ్యా” అంటుంది. విద్యార్థి నేర్చుకున్న పీకడమంటే మొక్కను పీకడం. “కడుపులో తిప్పుతోంది” అంటుంది, “కళ్లు తిరుగుతున్నాయి” అంటుంది. ఒకటి వాంతి సంగతి, రెండోది తల సంగతి. తిప్పడం, తిరగడం నేర్చుకున్న విద్యార్థి రెండింటినీ ఒకే గాటన కట్టేస్తాడు. ఆమె పొలం పనికి వెళ్లే మనిషి కదా అని “నువ్వు ఎప్పట్నుంచి మందులు వాడుతున్నావు?” అంటే వ్యాకరణంలో తప్పులేదు, సాఫ్ట్‌వేరు పూర్తి మార్కులు వేస్తుంది. ఆవిడ మాత్రం మళ్లీ నోరు విప్పదు. ఆ వయసు మనిషిని ‘మీరు’ అనాలని, ‘అమ్మా’ అని పిలవాలని చెప్పాల్సింది పక్కన కూర్చుని విన్న తెలుగు మనిషే.

ఇప్పుడు అభ్యంతరాలు. ఇవన్నీ బాగానే ఉన్నాయి, అంతమంది మనుషులను ఎక్కణ్నుంచి తెస్తారు, జీతాలెవరిస్తారు అని రిజిస్ట్రారుగారు అడుగుతారు. గట్టి ప్రశ్నే. యంత్రానికి ఒకసారి ఖర్చు, మనిషికి నెలనెలా ఖర్చు అని అందరూ అనుకుంటారు. కంప్యూటర్లు ఐదారేళ్లకు పాతబడతాయనీ, లైసెన్సులు మళ్లీమళ్లీ కొనాలనీ ఆ లెక్కలో రాసుకోరు. సరే, దాన్ని పక్కన పెడదాం. వరంగల్‌నే తీసుకోండి. ఎన్.ఐ.టి.లో దాదాపు సగం సీట్లు ఇతర రాష్ట్రాలవాళ్లవి. కాకతీయ మెడికల్ కాలేజీలో 15 శాతం అఖిల భారత కోటా. వీళ్లలో తెలుగు రానివాళ్లు, ఇంగ్లిషులో మాట్లాడగలిగినవాళ్లు చాలామంది. అదే ఊళ్లో కాకతీయ విశ్వవిద్యాలయం. తెలుగు మాధ్యమంలో చదివొచ్చి, ఇంగ్లిష్ ఇంటర్వ్యూ అంటే గొంతు తడారిపోయే పిల్లలు అక్కడ ఉన్నారు. ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరికి కావాలి. వీళ్లను కలిపే గది ఒకటి, ఆ గదికి ఇద్దరు ముగ్గురు శిక్షణ పొందిన అధ్యాపకులు ఉంటే సరిపోతుంది. ఎం.ఏ. తెలుగు, భాషాశాస్త్రం విద్యార్థులకు ఇది చేతికొచ్చే అనుభవం. వారానికి నాలుగు గంటలు విన్నందుకు క్రెడిట్లు ఇవ్వవచ్చు. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కోర్సుల్లో సామాజిక సేవా ప్రాజెక్టుకు ఇప్పటికే క్రెడిట్లున్నాయి.

ఈ ఏర్పాటులో డబ్బుకన్నా పెద్ద లాభం ఇంకొకటి ఉంది. మన భాషా ల్యాబులో తెలుగు మాధ్యమం కుర్రాడు ఎప్పుడూ తక్కువవాడిగానే కూర్చుంటాడు. అక్కడ అతనికి తెలిసినదానికి విలువ లేదు, తెలియనిదానికే మార్కులు. అదే గదిలో సోమవారం ఇంగ్లిష్ నేర్చుకునే అతను బుధవారం తెలుగు నేర్పేవాడైతే, “అలా కాదు, ‘నేను ఆకలి’ అనం, ‘నాకు ఆకలేస్తోంది’ అంటాం” అని పట్నా కుర్రాణ్ని సరిదిద్దేవాడైతే, అతని వెన్ను నిటారుగా నిలబడుతుంది. భాష నేర్చుకోవడంలో ఎవరైనా తప్పులు చేస్తారని కళ్లారా చూస్తాడు. గురువారం తన తప్పుకు అంతగా సిగ్గుపడడు.

ఇక ఫోనులో కృత్రిమ మేధతో మాట్లాడుకోవచ్చు కదా, మనుషులెందుకు అనేవాళ్లున్నారు. బిడియస్తులకు మొదటి మెట్టుగా అది మంచిదే. నలుగురిలో నవ్వులపాలవుతామన్న భయం ఉండదు, అర్ధరాత్రయినా పలుకుతుంది. కానీ అది మరీ మంచి శ్రోత. మాటను గుర్తుపట్టే యంత్రం సందర్భాన్ని బట్టి ఎక్కువగా వచ్చే మాటనే ఊహిస్తుంది కాబట్టి, మీరు ‘మేడ నొప్పి’ అన్నా అది ‘మెడ నొప్పి’ అనే రాసుకునే అవకాశం ఎక్కువ. మీ తప్పు మీకు తెలియకుండానే గట్టెక్కేస్తుంది. అర్థం కాక “ఆఁ? ఏంటీ?” అని మొహం చిట్లించే మనిషి ముందు అలా కుదరదు. మాట మార్చి, చెయ్యి తిప్పి, ఇంకో దారిలో చెప్పాలి. భాష వంటబట్టేది ఆ ఇరకాటంలోనే. కంపెనీలు కూడా ఈమధ్య యంత్రాలే మార్కులు వేసే పరీక్షలు పెడుతున్నాయి కాబట్టి యంత్రంతోనే సాధన చేయించాలన్న వాదన ఒకటుంది. ఆ పరీక్ష తీరు అలవాటు కావడానికి వారం చాలు. ఉద్యోగంలో చేరాక అవతల ఫోనులో “సారీ, మళ్లీ చెబుతారా” అనేది క్లయింటే.

మరో అభ్యంతరం మనవాళ్లదే. ఏ తెలుగు నేర్పాలి? గుంటూరులో కాళ్లు పీకుతాయి, వరంగల్‌లో కాళ్లు గుంజుతయ్. ఒకచోట కడుపు నొప్పిగా ఉంటుంది, ఒకచోట కడుపు నొస్తది. ప్రామాణిక భాషే నేర్పాలంటే విద్యార్థి పుస్తకం పట్టుకుని వార్డులో నిలబడిపోతాడు. నేర్చుకునేవాళ్లు తమకు వచ్చిన ఒక తీరులో మాట్లాడితే తప్పేమీ లేదు, వినడం మాత్రం అన్ని తీరులూ వినగలగాలి. ఇక్కడ రికార్డింగులు మళ్లీ పనికొస్తాయి. ఆదిలాబాద్ గొంతు, అనంతపురం గొంతు, శ్రీకాకుళం గొంతు, ముసలివాళ్లవి, పిల్లలవి, పళ్లూడినవాళ్లవి, అనుమతి తీసుకుని పోగుచేసి పెట్టాలి. స్టూడియోలో నటులు చదివిన సంభాషణలు ఈ పనికి రావు.

ఇవన్నీ చేయడానికి ముందు ఒక చిన్న సంగతి తేలాలి, తాళం చెవి. చాలా ల్యాబులు టైమ్ టేబుల్లో ఉన్న గంటకు తెరుచుకుని ఆ గంట కాగానే మూతపడతాయి. విద్యార్థికి తీరిక దొరికేది సాయంత్రం. ఆసుపత్రి నుంచి వైద్య విద్యార్థి వచ్చేది ఐదు దాటాక. ఆ వేళకు గది తెరిచి ఉంటే, చెవిలో వరంగల్ పెద్దావిడ గొంతు “కాళ్లు గుంజుతున్నయ్ బిడ్డా” అంటుంటే, ఆ కుర్రాడు హెడ్‌ఫోన్ తీసి ఎదురుగా ఉన్న డిగ్రీ విద్యార్థిని అడుగుతాడు, గుంజడమంటే ఏమిటని. తెలుగులో చెబితే అతనికి అర్థం కాదు. ఇతను ఇంగ్లిషులో చెప్పాలి. ‘పెయిన్’ అంటే సరిపోదు, ‘పుల్లింగ్’ అంటే తాడు లాగినట్టుంటుంది. కాలి పిక్కలు చూపిస్తాడు, గాల్లో చెయ్యి మెలితిప్పుతాడు, ఇంకో మాట కోసం వెతుక్కుంటాడు. అవతలివాడు ఆగి వింటుంటాడు.